మన కోతకాలపు కానుక ఎవరికి?



సంక్రాంతి దాటి పంట ఇంటికి చేరగానే మన గ్రామ సంఘములలో కోతపండుగ ఆచరించుదుము. వడ్లబస్తా తెచ్చువారు, గుమ్మడికాయ తెచ్చువారు, కోడిపుంజును తెచ్చి వేలమునకు పెట్టువారు, ఏడాది పొడుగున వంటకు ముందు పిడికెడు పిడికెడుగా తీసిపెట్టిన బియ్యమును మూటగట్టి తెచ్చు తల్లులు, వీరందరి కానుకలు బల్ల యెదుట చేరును. వేలము ముగిసి లెక్క తేలిన తరువాత సంఘపెద్దలు చాపమీద కూర్చుందురు. గుడి కప్పునకు కొంత, కాపరి జీతమునకు కొంత తీసిపెట్టిన పిమ్మట బయటి పరిచర్యకు పంపుటకు కొద్ది సొమ్ము మిగులును. అప్పుడు ప్రశ్న వచ్చును: దీనిని ఎవరికి పంపుదము?

ఇది చిన్న ప్రశ్న కాదు. అనాథ బాలల గృహమునుండి ఒక విజ్ఞాపన వచ్చియుండును. గ్రుడ్డివారి పాఠశాలనుండి మరియొకటి, తుపాను బాధితుల కొరకు ఇంకొకటి వచ్చియుండును. ఎవరో ఎరుగని మనుష్యుడు పంచిపోయిన రంగుల కాగితము కూడ ఒకటి ఉండును. ఆలస్యమైపోవుచున్నది గనుక ఎవరి మాట గట్టిగా వినబడిన వారికే సొమ్ము వెళ్లిపోవుట అనేక చోట్ల జరుగుచున్నది. ఇచ్చితిమిగదా, ఇక దేవుడే చూచుకొనునని చేతులు దులుపుకొందుము. కాని ఆ సొమ్ములో ఒక విధవరాలి పిడికెడు బియ్యమున్నది. ఆ పిడికెడు ఆమె కుండలో ఆ పూట తగ్గిన పిడికెడు. దానిని ఆలోచింపకుండ పంపుటకు మనకు అధికారము లేదు.

నన్నడిగినయెడల, ఈ సంవత్సరము ఆ సొమ్మును కుష్ఠు వ్యాధిగ్రస్తుల సేవకు పంపుడని చెప్పుదును. ఊరక చెప్పి విడిచిపెట్టను. ఎందుకో చెప్పవలసిన బాధ్యత నాది, తూచి చూడవలసిన బాధ్యత మీది. కారణములు చరిత్రలో ఉన్నవి. దయచేసి నాతోకూడ కొంత దూరము నడువుడి.

మొదట మన వేదమునుండియే చూతము. క్లౌదియ చక్రవర్తి కాలమున కరవు వచ్చినప్పుడు అంతియొకయ శిష్యులు యూదయలోని సహోదరులకు సహాయము పంపిరి. తరువాత పౌలు మాసిదోనియ, అకయ మొదలగు దేశముల సంఘములనుండి యెరూషలేములోని బీదల కొరకు చందా కూర్చెను. ఆ సంగతి కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయములలో ఉన్నది. తీరికగా చదువుకొనుడి. పౌలు ఆ సొమ్ము ఎవరికో, ఎందుకో దాచక చెప్పెను. బీదలైన మాసిదోనియవారు కూడ ఇష్టపూర్వకముగా ఇచ్చిరని సాక్ష్యమిచ్చెను. ఇంత పెద్ద మొత్తము విషయమై ఎవరును తనమీద తప్పు మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంట ఉంచుకొనెను. అపొస్తలుడే లెక్కకు లోబడెను. అట్లయిన నేటి సంస్థలు లోబడనవసరము లేదని ఎవరు చెప్పగలరు?

కాబట్టి ఇచ్చుటకు ముందు విచారించుట అవిశ్వాసము కాదు. ఏ పరిచర్యను గూర్చియైనను మనము మూడు మాటలు అడుగవచ్చును. మనము విడిచిపెట్టినయెడల వీరిని ఆదుకొనువారు ఇంకెవరైన ఉన్నారా? ఈ సహాయము మనుష్యుని తన కాళ్లమీద నిలువబెట్టుచున్నదా, లేక చేయి చాచుటయే నేర్పుచున్నదా? సొమ్ము ఏమైనదో తెలిపెడు లెక్క ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలతో కుష్ఠు సేవ చరిత్రను చూతము.

1869లో వెల్లెస్లీ బెయిలీ అను ఐర్లండు దేశపు యువకుడు పంజాబులోని అంబాలాలో అమెరికన్ ప్రెస్బిటీరియన్ మిషను బడిలో ఉపాధ్యాయుడుగా ఉండెను. అక్కడి మిషనెరీ ఒకరు ఆయనను కుష్ఠు రోగులు నివసించు గుడిసెల యొద్దకు తీసికొనిపోయిరి. వ్రేళ్లులేని చేతులు, పుండ్లుపడిన పాదములు ఆయన చూచెను. ఆ కాలమున ఈ రోగమునకు మందు లేదు. కన్నవారే వెళ్లగొట్టుదురు. బావి యొద్దకు రానియ్యరు. ఇతర రోగులకు వైద్యుడో బంధువో ఎవరో ఒకరుందురు గాని వీరికి ఎవరును లేరు. మన మొదటి ప్రశ్నకు జవాబు అక్కడనే ఉన్నది.

బెయిలీ 1874లో స్వదేశమునకు వెళ్లినప్పుడు డబ్లిను ప్రాంతమున తన స్నేహితులకు ఈ సంగతి చెప్పెను. వినినవారిలో పిమ్ అను ఇంటిపేరుగల ముగ్గురు అక్కచెల్లెండ్రు ఉండిరి. వారిలో షార్లట్ పిమ్ అను ఆమె ఏటేట 30 పౌన్లు కూర్చి పంపుదుమని మాట ఇచ్చెను. వారనుకొనినదానికంటె ఎన్నో రెట్లు సొమ్ము వచ్చెను. ఆ సంవత్సరమే కుష్ఠు రోగుల మిషను పుట్టెను. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆమె ఒక్కసారి పెద్ద మొత్తమిచ్చి మరచిపోదునని చెప్పలేదు. ఏటేట పంపుదుమని చెప్పెను. ఈ రోగము ఏండ్ల తరబడి మనుష్యుని పట్టుకొనునది. దానికి తగిన కానుకయు ఏండ్ల తరబడి రావలసినది. ఆ మిషను 1965లో తన ఆంగ్ల నామమును కూడ మార్చుకొనెను. మనుష్యుని అతని రోగము పేరుతో పిలుచుట తగదని, రోగులను పిలుచు మాటను తీసివేసి రోగము పేరును మాత్రమే ఉంచుకొనెను. ది లెప్రసీ మిషన్ అని నేడు మనమెరిగినది అదియే.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. స్కాట్లండులో వైద్యము చదివిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్ అయ్యగారు వెస్లియన్ మిషను తరపున 1907లో నిజాం రాజ్యమునకు వచ్చిరి. నిజామాబాదులో ఆమె వైద్యము చేయుచుండగా కుష్ఠు రోగులు వచ్చుచుండిరి. ఉంచుటకు చోటు లేదు, పంపుటకు మనసు రాదు. 1911లో అక్కడ వారికొరకు చిన్న నివాసము ఏర్పరచిరి. అది నిండిపోయెను. 1915లో సమీపముననున్న డిచ్‌పల్లిలో పెద్ద ఆశ్రమమును స్థాపించిరి. తరువాత అది పేరుపొందిన ఆసుపత్రి ఆయెను.

ఆ ఆశ్రమము వెలయుటకు రాజా నర్సాగౌడ్ అను ప్రముఖుడు ఉదారముగా సహాయము చేసెను. ఆయన హిందువు, ఆశ్రమము క్రైస్తవులది. ఆయనకు దానము చేయుటకు వేరే చోట్లు లేకపోలేదు. అయినను తన ప్రాంతమున అందరు విడిచినవారిని ఎవరు చేరదీయుచున్నారో చూచి అక్కడికి తన ధనమును పంపెను. మన సంఘపెద్దలు ఈ పెద్దమనిషి యొద్ద నేర్చుకొనవలసినది కలదు. ఇచ్చువాడు తన గుంపు పేరు చూడలేదు, జరుగుచున్న పనిని చూచెను.

ఆ దినములలో హిడ్నోకార్పస్ అను చెట్టు గింజలనుండి తీసిన నూనెను సూదిమందుగా ఇచ్చుచుండిరి. వారము వారము సూదులు, నొప్పి, వాపు. కొందరికి మేలు కలిగెను, కొందరికి కలుగలేదు. అయినను రోగులు వందలుగా వచ్చిరి. మందుకంటె ముందు, తమను ముట్టుకొను చేయి ఒకటి ఉన్నదని వారు వినియుందురు. కెర్ దంపతుల సేవను గుర్తించి 1923లో ప్రభుత్వము వారికి కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. సాలూరులో, రామచంద్రపురములో మరి ఇతర మిషనులవారును ఇట్టి ఆశ్రమములు కట్టిరి.

ఇంతలో వైద్యశాస్త్రము ముందుకు సాగెను. ఈ రోగమునకు కారణము శాపము కాదు, పూర్వజన్మ పాపము కాదు, కంటికి కనబడని ఒక క్రిమియని 1873లోనే నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనిపెట్టెను. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో సల్ఫోను జాతి మందు ఈ రోగముమీద పనిచేయుట చూచిరి. తరువాత ఆ జాతిలోనే డాప్సోన్ అను చవుక మాత్ర వాడుకలోనికి వచ్చెను. దానిని నోటితో మ్రింగినను గుణమిచ్చునని నైజీరియాలోని ఉజువాకోలిలో చూపినవారిలో డాక్టరు జాన్ లో ముఖ్యుడు. ఆయన అంతకు పూర్వము మన డిచ్‌పల్లిలో పనిచేసినవాడు. ఒక తెలుగు పల్లెలో ఎవరెవరో పంపిన కానుకలతో నేర్చుకొన్న అనుభవము ఆఫ్రికాలోని రోగులకు మేలుగా చేరెను. మన కానుక ఎంత దూరము నడచునో మనకు తెలియదు.

కొన్నేండ్లకు డాప్సోన్ ఒక్కదానికి క్రిములు లొంగకుండ పోవుట చూచి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతిని నిర్ణయించెను. నేడు మచ్చలు కొద్దిగా ఉన్నవారికి 6 నెలలు, ఎక్కువగా ఉన్నవారికి 12 నెలలు. మందు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే రోగివలన ఇతరులకు అంటుట ఆగిపోవును. ఆ మందు నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా దొరకును. మన ముత్తాతలు పెద్దరోగమని పేరెత్తుటకే భయపడిన రోగము నేడు నయమగు రోగము.

ఇక రెండవ ప్రశ్న: ఈ సేవ మనుష్యుని నిలువబెట్టుచున్నదా? దీనికి జవాబు వేలూరులో దొరకును. 1946లో డాక్టరు పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. కుష్ఠువలన వ్రేళ్లు కుళ్లి రాలిపోవునని లోకమంతయు నమ్మెడిది. అది నిజము కాదని ఆయన పరిశీలించి చూపెను. రోగము నరములను చెరుపును. నరము చెడినచోట నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు కాగుచున్న కుండను వట్టి చేతులతో దించును, కాలిలో దిగిన ముల్లుమీదనే మైళ్లు నడుచును. రాత్రి నిద్రలో ఎలుక వ్రేలు కొరికినను మెలకువ రాదు. ఆ సంగతి తెలిసిన తరువాత, ఇంటికి పోవు రోగికి ఒక పిల్లిని కూడ ఇచ్చి పంపుచుండిరట! నొప్పిని మనము శత్రువనుకొందుము. అది దేవుడు మన శరీరమునకు పెట్టిన కావలివాడని ఆ రోగులను చూచినప్పుడు తెలియును.

బ్రాండ్ గారు ముడుచుకుపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసెను. అయితే ఒక చిక్కు వచ్చెను. చేతులు బాగుపడిన కొందరు తిరిగివచ్చి, ఈ చేతులకు భిక్ష రాలుట లేదని మొరపెట్టుకొనిరి. వంకర చేతికి జాలిపడి కాసు వేసినవారు చక్కని చేతికి వేయరు. పని యిత్తురా? అదియు ఇయ్యరు, ఎందుకనగా రోగము మచ్చ పేరుమీద ఇంకను ఉన్నది. అందువలన వడ్రంగము మొదలైన వృత్తులు నేర్పుటకు ప్రత్యేకముగా ఒక చోటు ఏర్పరచవలసివచ్చెను. వేలూరునకు సమీపముననున్న కరిగిరిలో స్పర్శలేని పాదములకు తగినట్లుగా మెత్తని రబ్బరు చెప్పులు చేయుట వృద్ధిపొందెను. పుండు పడకుండ కాపాడు చెప్పుల జత ఒక రైతుకూలీకి కాలిని మిగుల్చును. కాలు మిగిలినయెడల కూలి మిగులును.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగుము. మన దానము కూడ రెండు విధములు. వంకర చేతిలో కాసు వేయునది ఒకటి, వంకర చేతిని చక్కచేసి దానికి ఉలి అందించునది ఒకటి. మొదటిది ఇచ్చినవానికి వెంటనే తృప్తినిచ్చును. రెండవది వేళ తీసికొనును, ఖర్చు ఎక్కువ, ఎవరును చూడరు. కుష్ఠు సేవలో మంచిదంతయు ఈ రెండవ విధమైనది. నేను దీనిని ఎన్నుకొనుటకు ముఖ్య కారణము ఇదియే.

ఇప్పుడు మీరు అడుగదగిన మాట ఒకటి కలదు. మందు ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చుచుండగా మన కానుక ఎందుకు? మన దేశములో ఈ రోగము పోయినదని చెప్పిరి గదా? మంచి ప్రశ్నలు. 2005 డిసెంబరు నాటికి పదివేలమందిలో ఒకరికంటె తక్కువ రోగులున్న స్థితికి మన దేశము వచ్చెను. అది నిజముగా గొప్ప జయము. కాని తగ్గుట వేరు, పోవుట వేరు. 2022-23లో సహా మన దేశములో లక్షకు పైగా క్రొత్త రోగులు కనబడిరి. లోకములోని క్రొత్త రోగులలో సగముకంటె ఎక్కువమంది మన దేశమువారే. రోగము పోయినదను మాట వ్యాపించుటవలన కానుకలు తగ్గును, వైద్యుల చూపు వేరొక తట్టు తిరుగును, రోగి ఆలస్యముగా వచ్చును. ఆలస్యముగా వచ్చినవాని క్రిమిని మాత్ర చంపును గాని, చచ్చిన నరమును లేపలేదు. అతనికి జీవితాంతము పాదరక్షణ కావలెను, పుండ్లకు కట్టు కావలెను, కొందరికి శస్త్రచికిత్స కావలెను, పిల్లలకు చదువు, చేతికి పని కావలెను. మాత్ర ఉచితమే. మాత్ర తరువాతి బ్రతుకు ఉచితము కాదు. మన కానుక పోవలసినది అక్కడికి.

మూడవ ప్రశ్న లెక్కను గూర్చినది. పేరు పాతదైనంత మాత్రమున నమ్మవలెనని నేను చెప్పను. ఎవరికి పంపినను రసీదు అడుగుడి, సంవత్సరపు నివేదిక అడుగుడి. వీలైనయెడల ఇద్దరు పెద్దలు, ఒక స్త్రీల సమాజపు సభ్యురాలు మీకు దగ్గరనున్న కుష్ఠు ఆసుపత్రికి స్వయముగా వెళ్లి చూచి రండి. చూపుటకు ఇష్టపడని సంస్థకు పంపకుడి. చూచి వచ్చినవారు ఆదివారమున సంఘము యెదుట తాము చూచినది చెప్పవలెను. పౌలు ఏర్పరచిన పద్ధతి ఇదియే గదా. పంపువారికి తగిన దినము కూడ కలదు. జనవరి నెల కడవరి ఆదివారము లోకమంతట కుష్ఠు దినముగా 1954నుండి ఆచరింపబడుచున్నది. మన దేశములో గాంధీగారు మరణించిన జనవరి 30వ తేదీని అందులకు పాటించుచున్నారు. మన పంట ఇంటికి వచ్చు కాలమును అదియే. కోతపండుగ కానుకకు ఇంతకంటె తగిన వేళ ఏది?

అనాథలకు, గ్రుడ్డివారికి ఇయ్యవద్దని నా భావము కాదు. వారికిని ఇచ్చెడి సంఘములను దేవుడు దీవించునుగాక. అయితే ఒక చిన్న సంఘపు చిన్న మొత్తమును పది చోట్లకు చిందినయెడల ఎక్కడను మొక్క తడవదు. ఒక చోటు ఎన్నుకొని, ఏటేట తప్పక పంపుట మేలు.

చివరకు, వ్రాయుటకు సులభము కాని మాట ఒకటి వ్రాయుచున్నాను. కొందరు లేవీయకాండము తెరచి, కుష్ఠు అపవిత్రతయని వాదింతురు. పదమూడు, పదునాలుగు అధ్యాయములను పూర్తిగా చదువుడి. అక్కడ ఆ పేరు బట్టలకును ఇంటి గోడలకును కూడ వర్తించుచున్నది. పలు విధములైన మచ్చలకు, పొడలకు పెట్టిన పేరు అది. నేడు వైద్యులు చెప్పు ఈ ఒక్క రోగమునకు మాత్రమే పెట్టిన పేరు కాదు. దానిని ఎత్తి చూపి నేటి రోగిని దూరము చేయుట వేదమునకు న్యాయము కాదు. ప్రభువు కుష్ఠు రోగిని చేయి చాపి ముట్టెను. తరువాత యాజకునికి కనబరచుకొమ్మని పంపెను. ఎందుకు? ఊరిలోనికి తిరిగి చేర్చుకొను అధికారము యాజకునిది. దేహము బాగుపడుట సగము, ఊరు చేర్చుకొనుట సగము. రెండు సగములును ప్రభువు కోరెను.

మన చట్టములు కూడ ఆ దారిని నడచినవి. రోగులను వేరుచేసి బంధించుటకు ఆంగ్లేయ ప్రభుత్వము చేసిన 1898 నాటి చట్టమును 2016లో రద్దు చేసిరి. ఈ రోగమును విడాకులకు కారణముగా చూపుటకు వీలిచ్చిన నిబంధనలను, క్రైస్తవుల విడాకుల చట్టములోనిదానితో సహా, 2019లో తీసివేసిరి. చట్టము పుస్తకము మారినది. మన చాప మారినదా? బాగుపడి తిరిగివచ్చిన సహోదరునికి మన గుడిలో ఎక్కడ చోటు? ప్రభురాత్రి భోజనములో పాత్ర అతనికి అందరితోపాటు అందునా, చివరకు మిగిలినప్పుడా? అతని కుమార్తెకు సంబంధము అడుగువారున్నారా?

కావున ఈ కోతపండుగకు సొమ్ము పంపుడి, ఏటేట పంపుడి, లెక్క అడిగి పంపుడి. దానితోపాటు మూడు పనులు చేయుడి. ఒంటిమీద స్పర్శలేని పాలిన మచ్చగాని ఎర్రని మచ్చగాని కనబడినయెడల సిగ్గుపడక ఆశా కార్యకర్తకు చూపుమని సంఘములో ప్రకటింపుడి. బాగుపడినవారిని పేరు పెట్టి పిలువుడి, రోగము పెట్టి పిలువకుడి. వారు గుడిలోనికి వచ్చినప్పుడు మీ ప్రక్కనే చోటు చూపి కూర్చుండబెట్టుకొనుడి. ఆసుపత్రి ఇయ్యలేనిదియు, ప్రభుత్వము ఇయ్యలేనిదియు అదొక్కటే. అది మీ చాపమీదనే ఉన్నది.